కొంగకి లోపలి మెడ

డెల్లా హ్రుస్కా ముప్ఫై ఒక్క ఏళ్ళుగా హార్లన్ ఫెర్రీలో బేస్‌బాల్ ఆటకి వెళ్తోంది. ఇంతవరకూ ఒక్క ఆట కూడా పూర్తిగా చూడలేదు. బంతి ఎటు పోయిందో ఆమెకి అక్కర్లేదు. ఆమె చూసేది ఛాతీలు.

విసిరేవాడు చెయ్యి వెనక్కి లాగి, కాలెత్తి, ఒళ్ళంతా మెలితిప్పి బంతి వదులుతాడు చూడండి, ఆ ఒక్క క్షణంలో చొక్కా ముందు భాగం సాగి, రెండు గుండీల మధ్య నోరు తెరుస్తుంది. డెల్లా కళ్ళు అక్కడుంటాయి. నోరు తెరిచినప్పుడు చొక్కా మీది కొంగ బొమ్మ మెడ తెగకుండా ఉందా లేదా, అంతే. ఉంటే ఇంకో పొద్దుతిరుగుడు గింజ నోట్లో వేసుకుని తొక్క ఉమ్ముతుంది. లేకపోతే లేచి వెళ్ళిపోతుంది. ఉన్నా లేచి వెళ్ళిపోతుంది, అది వేరే సంగతి. ఒక చోట పది నిమిషాలు కూర్చోవడం ఆమె వల్ల కాదు. బ్యాటు పట్టేవాడు నిలబడే హోమ్ ప్లేట్ వెనక కంచె దగ్గర కాసేపు, మొదటి బేస్ మెట్ల మీద కాసేపు, సాసేజ్‌లు కాల్చే బండి దగ్గర కాసేపు. ఇద్దర్ని పెళ్ళాడింది, ఇద్దరూ పోయారు. చచ్చిపోయి కాదు, మామూలుగా పోయారు. "ఇద్దరూ కూర్చునే మనుషులే" అనేది, ఎవరైనా అడిగితే.

ఊరి జట్టు పేరు హెరన్స్. అంటే కొంగలు. నది ఒడ్డున మైదానం, దాని వెనక బొగ్గు రైళ్ళు పోయే కట్ట, కట్ట అవతల నీళ్ళలో నిజం కొంగలు. చొక్కా మీద కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. దాని ఒళ్ళు ఆటగాడి కుడి ఛాతీ మీద, తల ఎడమ ఛాతీ మీద. మధ్యలో పొడుగాటి మెడ, రెండో గుండీకి మూడో గుండీకి మధ్యగా చొక్కాని అడ్డంగా దాటుతుంది. ఏ లెక్కన చూసినా తలనొప్పి బొమ్మ. ముందు తెరుచుకునే చొక్కా మీద అడ్డంగా మెడ వేసినవాడెవడో కుట్టుపని తెలియనివాడు. వాడు ఎప్పుడో పోయాడు. తలనొప్పి మాత్రం ఊరికి మిగిలింది.

దానికి మందు కనిపెట్టింది లూబో సెడ్లాక్ అనే ముసలి దర్జీ. డెల్లా నర్సు చదువు రెండో ఏడాదిలో వదిలేసి, ఆర్నెల్లు ఊళ్ళో గాలికి తిరిగి, ఆయన కొట్లో మెషిన్ ముందు కూలబడింది. మొదటి రోజే ఆయన ఒక పాత చొక్కా ఆమె మీదకి విసిరి, "ఇందులో ఏముందో చెప్పు" అన్నాడు. తిప్పి తిప్పి చూసింది. చివరికి గుండీలు విప్పితే కనబడింది. పైనుండే కాజా పట్టీ కింద, ఎవరికీ కనబడని గుండీ పట్టీ మీద కూడా మెడ ఉంది. బొటనవేలంత వెడల్పున, అదే రంగు దారంతో, అదే గొలుసు కుట్టుతో.

"ఇది ఎవడు చూస్తాడు?" అంది డెల్లా.

"ఎవడూ చూడకూడదనే కుట్టాను. వాడు విసిరినప్పుడు పట్టీ తెరుచుకుంటుంది. తెరుచుకుంటే తెల్ల గుడ్డ కనబడుతుంది. తెల్ల గుడ్డ కనబడితే మెడ తెగినట్టే. లోపల కూడా మెడ ఉంటే తెరుచుకున్నా మెడే కనబడుతుంది. అర్థమైందా?"

"ఎంత వెడల్పు?"

"ఎవడికి?" అన్నాడు ముసలాయన.

ఆ ప్రశ్నలోనే చదువంతా ఉంది. బక్కవాడికి వేలెడు చాలు, ఛాతీ బలిసినవాడికి రెండు వేళ్ళు. పక్క నుంచి విసిరేవాడికి కిందివైపు ఎక్కువ. అందుకే ప్రతి వసంతంలోనూ డెల్లా ఆటగాళ్ళని మైదానంలో వరసగా నిలబెట్టేది. చొక్కా తొడిగించి, గుండీలు పెట్టించి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, "విసురు" అనేది. విసిరేవాడు. "ఇంకోసారి." మళ్ళీ విసిరేవాడు. మూడోసారికి సూది గుచ్చేది. కొత్త కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. పాతవాళ్ళు నవ్వేవాళ్ళు కాదు. ముప్ఫై ఏళ్ళలో ఆ ఊళ్ళో కొంగ మెడ ఒక్కసారి కూడా తెగలేదు. అలా తెగగలదని కూడా ఎవరికీ తెలియదు.

* * *

మొన్న శీతాకాలంలో జట్టు చేతులు మారింది. కొన్నవాళ్ళది ఎక్కడో పెద్ద ఊరు. వాళ్ళు వచ్చీ రాగానే చేసిన మొదటి పని, కొంగని మార్చడం.

ఫిబ్రవరిలో గిల్ టానర్, కొత్త కొంగ ఎలా ఉండాలో రాసిన పుస్తకం పట్టుకుని, ఇప్పుడు డెల్లాదైన ఆ దర్జీ కొట్టుకి వచ్చాడు. గిల్ జట్టు మేనేజరు. చిన్నప్పుడు డెల్లా వెనక బెంచీలో కూర్చుని ఆమె జడకి జిగురు పూసినవాడు. అతని వెంట సన్నగా, నల్ల కోటులో, ముప్ఫై లోపు ఉన్న ఒకతను వచ్చాడు. పేరు కార్బిన్ యేట్స్. కొత్త కొంగ గీసింది అతనే.

పుస్తకం అరవై రెండు పేజీలు. ఏ రంగు ఎక్కడ, కొంగ చుట్టూ ఎంత ఖాళీ, టోపీ మీద ఎంత, పేపరు గ్లాసు మీద ఎంత. డెల్లా నిలబడే పేజీలు తిప్పింది. మొదటి పేజీలోనే ఆగిపోయింది.

"గిల్, దీనికి పళ్ళున్నాయి."

"చూశాను."

"కొంగకి పళ్ళేమిటి?"

"కోపంగా కనబడాలని" అన్నాడు కార్బిన్. "చిన్న సైజులో కూడా ముఖం గట్టిగా నిలబడాలి. పాతది దూరం నుంచి చూస్తే గొడుగులా ఉండేది, ఏమనుకోకండి."

"అనుకోను. గొడుగులాగే ఉండేది." పేజీలు తిప్పుతూ పోయింది. పద్నాలుగో పేజీలో చొక్కా ఉంది. చదివింది, మళ్ళీ చదివింది. "బాబూ, ఇక్కడ బొమ్మ రెండు ముక్కలై కాజా పట్టీ అంచు దగ్గర కలవాలని రాశావు. అంచు దాటి ఒక్క దారం పోకూడదని రాశావు."

"అవును. లోపలి వైపు శుభ్రంగా ఉండాలి. పాత చొక్కాలు విప్పి చూశాను. లోపల ఏవో అతుకుల్లాంటివి ఉన్నాయి."

అతుకులు! డెల్లా చేతిలో పుస్తకం మూసుకుంది. గిల్ కిటికీ వైపు చూశాడు.

"ఆ అతుకులు లేకపోతే తల ఊడుతుంది" అంది.

"ఎక్కడ ఊడుతుంది? నేను కంప్యూటర్లో మనిషికి తొడిగి చూశాను. గీతకి గీత కలిసింది."

"నీ కంప్యూటర్లో మనిషి బంతి విసిరాడా?"

గిల్ మధ్యలోకొచ్చాడు. "డెల్, విను. వాళ్ళు చొక్కాలన్నీ దక్షిణాదిలో ఒక ఫ్యాక్టరీకి ఇచ్చేద్దామన్నారు. నేను కాళ్ళావేళ్ళా పడి ఈ ఒక్క సెట్టు నీ కోసం ఆపాను. ముప్ఫై చొక్కాలు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెయ్యి. లోపల తిప్పి చూస్తారు. తేడా కనబడితే నేను ఇంకేమీ చెయ్యలేను. పోట్లాడకు. ఈ ఒక్కసారి పోట్లాడకు, నీకు పుణ్యముంటుంది."

అదీ సంగతి. పుస్తకం మాట వింటే కొంగ తల ఊడుతుంది. వినకపోతే కొంగే ఆమె చేతిలోంచి పోతుంది. ఇంకెప్పుడూ రాదు. డెల్లా పుస్తకం మెషిన్ మీద పెట్టి, "మార్చి చివరికి ఇస్తాను" అంది. వాళ్ళు వెళ్ళాక నది దాకా నడిచింది, రైలు వంతెన దాకా నడిచింది, తిరిగొచ్చి మళ్ళీ నడిచింది. కాళ్ళు నొప్పెట్టాయి కానీ ఏమీ తేలలేదు.

* * *

చొక్కాలు కుట్టింది. పుస్తకంలో ఉన్నట్టే. మందపాటి గుడ్డ ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచులు దగ్గర దగ్గరగా కుట్టి, మెడని పట్టీ అంచు దగ్గర కత్తిరించి ఆపేసింది. ప్రతి చొక్కా దగ్గరా అక్కడికొచ్చేసరికి పెడల్ మీద కాలు దానంతట అదే ఇంకాస్త ముందుకు పోబోయేది. బలవంతంగా ఆపేది. రోజుకి రెండు చొక్కాలు కుట్టి, పదిసార్లు లేచి, కొట్టు తలుపు తీసి, వీధి అటూ ఇటూ చూసి మళ్ళీ వచ్చి కూర్చునేది. పక్క బట్టలుతికే కొట్టావిడ అడిగింది కూడా, "ఎవరికోసమమ్మా ఎదురుచూస్తున్నావ్?" అని. "ఎవరికోసమూ కాదు. ఒంట్లో చీమలు పాకుతున్నాయి" అంది డెల్లా.

ఇరవై తొమ్మిది అయ్యాయి. ముప్ఫయ్యోది నలభై ఒకటో నంబరు, యూడీ పెగెరోది. డొమినికన్ కుర్రాడు, ఆరడుగుల నాలుగంగుళాలు, మొదటి రోజు ఆట మొదలుపెట్టేది అతనే. భుజాలు పట్టవేమోనని గిల్ కొలతకి పంపించాడు.

"డోన్యా డెల్లా! నా కోడిపెట్ట సిద్ధమా?" అంటూ వచ్చాడు. డోన్యా అంటే వాళ్ళ భాషలో అమ్మగారు.

"కోడి కాదు, కొంగ."

"పళ్ళున్న కోడి" అన్నాడు. చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. "బాగుంది. మా అమ్మకి ఫోటో పంపిస్తా."

"విసురు" అంది డెల్లా.

"ఇక్కడా? మెషిన్ పగులుద్ది."

"ఉత్తినే విసురు."

యూడీ మోకాలు ఛాతీ దాకా ఎత్తాడు, ఒళ్ళు తిరిగింది, చెయ్యి కొట్టు గోడ దాకా పోయింది. రెండో గుండీ కింద చొక్కా తెరుచుకుంది. రెండు వేళ్ళంత తెల్ల గుడ్డ. కొంగ ఒళ్ళు ఇటు, పళ్ళికిలించిన తల అటు. అద్దంలో యూడీ కూడా చూశాడు.

"ఒహో" అన్నాడు మెల్లిగా. "దీన్ని ఎవరో నరికారు."

"ఇంకోసారి."

ఇంకోసారి విసిరాడు. మళ్ళీ నరికారు. యూడీ నవ్వలేదు. "డోన్యా, మైదానంలో అందరూ చూసేది నన్నే. తల ఊడిన పక్షితో నన్ను నిలబెట్టకు. మా ఊళ్ళో అది మంచిది కాదు."

"మా ఊళ్ళోనూ కాదు" అంది డెల్లా. అప్పటికే సూదులు నోట్లో ఉన్నాయి.

ఆ ఒక్క చొక్కాకి లోపలి మెడ కుట్టింది. రెండున్నర వేళ్ళ వెడల్పు. ముసలి లూబో అయితే మిగతా ఇరవై తొమ్మిదీ విప్పించేవాడు. డెల్లా విప్పలేదు. యూడీ చొక్కా వేసుకునే వెళ్ళిపోయాడు, విప్పితే మళ్ళీ ఎవరైనా నరుకుతారని. మర్నాడు కార్బిన్ వచ్చి కొట్లో ఉన్నవాటిలో ఐదు చొక్కాలు లోపలికి తిప్పి చూశాడు. వేలితో అంచులు తడిమాడు. "చాలా శుభ్రంగా ఉంది. నేననుకున్నదానికన్నా బాగుంది" అన్నాడు. నిజంగానే అన్నాడు, వెటకారం లేదు. ఆ మెచ్చుకోలుకి డెల్లా లేచి వీధి తలుపు దాకా వెళ్ళొచ్చింది.

* * *

మొదటి ఆట గురువారం సాయంత్రం. మైదానం నిండింది. కొత్త టోపీలు కొన్నవాళ్ళు కొన్నారు, పాతవి పెట్టుకొచ్చినవాళ్ళు మొండిగా పెట్టుకొచ్చారు. డెల్లా కంచె దగ్గర నిలబడింది. చేతిలో గింజల పొట్లం, తినడం లేదు.

మొదట యూడీ విసిరాడు. కాలెత్తాడు, తిరిగాడు, చొక్కా నోరు తెరిచింది, లోపల మెడ. కొంగ కొంగలాగే ఉంది. ఎదుటి జట్టువాళ్ళు ముగ్గుర్నీ వరసగా అవుట్ చేసి పంపించేశాడు. ఎవరూ ఏమీ గమనించలేదు. గమనించడానికి ఏమీ లేదు.

తరవాత మన జట్టు బ్యాటు పట్టింది. మొదటివాడు బలంగా ఊపాడు, బంతి తగల్లేదు. పెద్ద తెర మీద వాడి ఛాతీ దగ్గరగా కనబడింది. ఊపు మధ్యలో కొంగ తల ఒంటి నుంచి విడిపోయి, తెల్లటి ఖాళీ తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది. మూడో బేస్ వైపు నుంచి ఒక బొంగురు గొంతు లేచింది: "ఒరే, పక్షి చచ్చిందిరా!"

ఇక ఆగలేదు. రెండో ఊపుకి జనం ముందే లేచి నిలబడ్డారు. తల ఊడగానే "ఠక్" అని అరిచారు, కసాయి కొట్లో కత్తి పడ్డట్టు. మూడో ఊపుకీ ఠక్. తరవాతివాడికీ ఠక్. మొదటి బేస్ దగ్గరుండే బడ్ మెకార్ట్ ఒళ్ళున్న మనిషి. అతను ఊపినప్పుడు తల చంక దాకా పోయింది. జనం బెంచీల మీద చేతులు బాదుతూ ఏడ్చేంతగా నవ్వారు. ఆటగాళ్ళ చెవులు ఎర్రబడ్డాయి. బడ్ తిరిగొచ్చి టోపీ నేలకి కొట్టాడు.

డెల్లా నవ్వలేదు. వాళ్ళ చెవులే చూసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో తన కుట్టు వల్ల ఒక మనిషి సిగ్గుపడటం అదే మొదలు. యూడీ మళ్ళీ విసరడానికొచ్చినప్పుడు జనం ఠక్ కోసం కాచుకున్నారు. ఠక్ పడలేదు. మళ్ళీ కాచుకున్నారు. పడలేదు. "వీడి పక్షికి చావు లేదు!" అన్నాడు ఆ బొంగురు గొంతువాడు. అప్పుడు అందరూ చూశారు. పైన అద్దాల గదిలో నిలబడ్డ గిల్ చూశాడు, పక్కనున్న కార్బిన్ చూశాడు.

డెల్లా రెండో ఇన్నింగ్స్ కూడా పూర్తికాకుండా వెళ్ళిపోయింది.

* * *

మర్నాడు పొద్దున్నే గిల్, కార్బిన్ ఇద్దరూ కొట్టుకి వచ్చారు. కార్బిన్ చేతిలో నలభై ఒకటో నంబరు చొక్కా. లోపలికి తిప్పి బల్ల మీద పరిచాడు.

"ఇది మీరే చేశారు."

"నేనే."

"పుస్తకంలో వద్దని ఉన్నా."

"ఉన్నా."

గిల్ కుర్చీలో కూలబడి ముఖం తుడుచుకున్నాడు. "డెల్, నాకు కోపమొచ్చేది దీనికి కాదు. తెలుసుగా తల ఊడుతుందని? తెలిసి ఒక్కదానికే ఎందుకు చేశావ్? అన్నిటికీ చేసుంటే నేను తిట్లు తినేవాణ్ణి, నువ్వు పని పోగొట్టుకునేదానివి, కుర్రాళ్ళు మాత్రం నవ్వులపాలయ్యేవాళ్ళు కాదు."

డెల్లా కత్తెర తీసి, పెట్టి, మళ్ళీ తీసింది. "భయపడ్డాను" అంది. "ఇరవై తొమ్మిదికి భయపడ్డాను. ఒకదానికి యూడీ అడిగాడు గనక పడలేదు. మిగతావాళ్ళు అడగలేదు. వాళ్ళకి తెలియదు కదా అడగడానికి. నాకు తెలుసు. అదే నా తప్పు, ఇంకేం లేదు."

వీధిలో చెత్తబండి పోయింది.

కార్బిన్ లోపలి మెడ మీద వేలు పెట్టాడు. నిన్న రాత్రంతా నిద్రపోని ముఖం. "ఇవే పాత చొక్కాల్లో నేను అతుకులనుకున్నవి" అన్నాడు. "సరే. పద్నాలుగో పేజీ మారుస్తాను. దీని కొలత చెప్పండి. ఫ్యాక్టరీకి పంపిస్తే వచ్చేసారి నుంచి అలాగే వస్తాయి."

గిల్ తలెత్తి డెల్లాని చూశాడు. ఆ మాటకి అర్థమేంటో ముగ్గురిలో ఇద్దరికి తెలుసు. చెప్తే ముసలి లూబో దగ్గర్నుంచి వచ్చింది ఒక అంకె అయి పుస్తకంలో కూర్చుంటుంది, ఇక ఆమెతో పనుండదు. చెప్పకపోతే వచ్చే ఏడాది మళ్ళీ తలలు ఊడతాయి, మళ్ళీ ఇంకొకరి చెవులు ఎర్రబడతాయి.

"చెప్తాను" అంది డెల్లా. "దాచుకోను. ఎవడికి?"

"అంటే?"

"ఎవడి కొలత కావాలి?"

"అందరికీ సరిపడేది. ఒక అంకె."

డెల్లా మూలనున్న చొక్కా తీసి అతని మీదకి విసిరింది. "తొడుక్కో. గుండీలు పెట్టుకో. బ్యాటు ఊపినట్టు ఊపు."

"నేనా? నేను ఆడను."

"బొమ్మ గీశావుగా, ఊపు."

కార్బిన్ నల్ల కోటు విప్పి చొక్కా తొడుక్కున్నాడు, గిల్ అందించిన గజంబద్ద పట్టుకుని చేతకానట్టు ఊపాడు. డెల్లా సూది గుచ్చింది. "నీకు ఒక వేలు. గిల్, నువ్వు లే." గిల్ పొట్టతో ఊపాడు. మూడు వేళ్ళు. "ఇప్పుడు రాయి నీ అంకె" అంది.

కార్బిన్ తన సూదినీ గిల్ సూదినీ మార్చి మార్చి చూశాడు. పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుని, ఏమీ రాయకుండా మూసేశాడు. "ఇలా ముప్ఫైమందినీ..."

"శనివారం పొద్దున బస్సెక్కేముందు నాకు మైదానంలో కావాలి. వరసగా. ఇవి తయారయ్యేదాకా ప్రాక్టీసు చొక్కాలతో ఆడమను. వాళ్ళు ఊళ్ళు తిరిగొచ్చేలోపు ఇస్తాను."

"యజమానులు ఒప్పుకోకపోతే?" అన్నాడు కార్బిన్.

"ఫ్యాక్టరీ ఆరు వారాలంటుంది" అన్నాడు గిల్. "నిన్నటి ఠక్ ఊరంతా ఫోన్లలో తిరుగుతోంది. ఒప్పుకుంటారు. ఈ ఏడాదికి."

"ఈ ఏడాదికే అడిగాను" అంది డెల్లా. "ఆ పళ్ళు?"

"పళ్ళు ఉంటాయి" అన్నాడు కార్బిన్ గబగబా.

"తెలుసులే, అడిగి చూశాను."

శనివారం డెల్లా వరస మొదలుపెట్టేముందు అందరి ముందూ నిలబడి, "మొన్న మీరు నవ్వులపాలైంది నా వల్ల" అంది. అంతకుమించి చెప్పలేకపోయింది. బడ్ మెకార్ట్ ముందుకొచ్చి, "నాకు మెడ కాదు మిస్ డెల్, కండువా వెయ్యి" అన్నాడు. నవ్వారు. "విసురు" అంది. సూదుల డబ్బా పట్టుకుని కార్బిన్ యేట్స్ పక్కన నిలబడ్డాడు. ఎవరూ నిలబడమనలేదు.

* * *

తొమ్మిది రోజుల తరవాత జట్టు ఊరికి తిరిగొచ్చింది. పద్నాలుగో పేజీ కొత్తది వచ్చింది. కొలత ఉండాల్సిన చోట "ఆటగాణ్ణి చూసి" అని ఉంది. ఫ్యాక్టరీవాళ్ళు అది కొలత కాదని తిప్పి పంపారు. యజమానులు ఆలోచిస్తామన్నారు. వచ్చే ఏడాది సంగతి అలా గాల్లో ఉంది.

సాయంత్రం మొదటివాడు బ్యాటు ఊపాడు. జనం "ఠక్" అనడానికి నోరు తెరిచి ఊరుకున్నారు. కొంగ పళ్ళికిలించి, మెడ చాచి, ఛాతీ మీదే ఉంది. రెండోవాడికీ అంతే. మూడోవాడికి ఎవరూ లేవలేదు. అందరూ బంతి చూడ్డం మొదలుపెట్టారు. కంచె దగ్గర డెల్లా గింజ ఒకటి నోట్లో వేసుకుంది.

పక్కన కార్బిన్ వచ్చి నిలబడ్డాడు. ఊళ్ళోనే ఉన్నాడింకా, ఏదో వంక పెట్టుకుని. అతను కూడా ఛాతీలే చూస్తున్నాడు.

"మెకార్ట్" అన్నాడు ఉన్నట్టుండి.

బడ్ ఊపాడు. మూడో గుండీ పైన, సన్నగా, దారమంత తెలుపు. ఇంకెవరికీ కనబడదు.

"తొమ్మిది రోజులు హోటళ్ళలో తిన్నాడు, సన్నాసి" అంది డెల్లా. అప్పటికే సంచీ భుజాన వేసుకుంది.

"ఎక్కడికి? ఇంకా ఏడు ఇన్నింగ్స్ ఉన్నాయి. ఆట అయ్యాక చూసుకోవచ్చు కదా!"

ఆమె ఆటగాళ్ళ బెంచీ వైపు మెట్లు దిగుతోంది. జవాబు చెప్పడానికి కుదరలేదు, నోట్లో సూదులున్నాయి.